మా ఆయన టీని కాటాలో తూస్తున్నారండీ

ప్రశ్న: అమ్మగారూ, మాది మధురవాడ. మా ఆయనకి రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పెళ్ళయి 11 ఏళ్ళు. ఇన్నేళ్ళూ సాయంత్రం ఆరింటికి ఇద్దరం కూర్చుని అల్లం టీ తాగేవాళ్ళం. కిందటేడు వాళ్ళ ఆఫీసులో ఎవరో డార్జిలింగ్ వెళ్ళొచ్చి చిన్న పొట్లం ఇచ్చారు. అప్పట్నుంచి మనిషి మారిపోయారు. పాలు మానేశారు, పంచదార మానేశారు. గ్రాములో పదో వంతు కూడా చూపించే కాటా కొన్నారు, థర్మామీటర్ కొన్నారు. 50 గ్రాముల ఆకు 1,400 రూపాయలట! బిల్లు నాకు చొక్కా జేబులో దొరికింది. ఆ పొట్లాన్ని బీరువాలో నా పట్టుచీరల పక్కన దాచుకున్నారు. మొన్న మా అమ్మ తెలియక ఆయన కప్పులో పాలు పోసింది. నోటితో ఏమీ అనలేదు గానీ ఆ మొహం చూడాలి. ఇది గొప్ప కోసమా, జబ్బా? మనుషులు ఇలా ఎందుకైపోతారు?
— ఒక సోదరి, మధురవాడ

జవాబు: ముందు ఆ పొట్లాన్ని బీరువాలోంచి తీయించు తల్లీ. పట్టుచీరల మధ్య కలరా ఉండలు వేస్తాం కదా. టీ ఆకు పక్కనున్న వాసనంతా పీల్చేసుకుంటుంది. ఇంకో నెల అక్కడే ఉంటే ఆ 1,400 రూపాయల సరుకు కలరా ఉండల కషాయం అవుతుంది. తీయించి, గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో వేయించి, అప్పుడు మిగతాది చదువు.

గొప్ప కోసం తాగేవాళ్ళు ఉన్నారు, లేరనను. వాళ్ళని పట్టుకోవడం తేలిక. నలుగురున్నప్పుడే తాగుతారు, ధర ముందు చెప్తారు, రుచి తర్వాత చెప్తారు. మీ ఆయన బిల్లు జేబులో దాచుకున్నారు. అత్తగారు పాలు పోస్తే మింగలేక కక్కలేక ఊరుకున్నారు. గొప్పకైతే అక్కడే ఉపన్యాసం అందుకునేవారు. కాబట్టి గొప్ప కాదు. జబ్బో కాదో మాత్రం నేను చెప్పలేను, ఎందుకంటే అది నాకూ ఉంది.

నాకెలా అంటుకుందో చెప్తాను. 1984లో పెళ్ళయి సింధియా దగ్గర షిప్‌యార్డ్ క్వార్టర్స్‌కి కాపురానికి వచ్చాను. (షిప్‌యార్డ్ మొదలుపెట్టిన కంపెనీ పేరే ఆ జంక్షన్‌కి ఉండిపోయింది. కంపెనీ వెళ్ళిపోయి ఇన్నేళ్ళయినా ఆటోవాళ్ళు సింధియా, సింధియా అని ఇప్పటికీ పిలుస్తారు.) మాది కాఫీ ఇల్లు. మా అత్తగారు విజయనగరం మనిషి. పొద్దున్నే ఇత్తడి ఫిల్టర్‌లో మొదటి డికాషన్ దిగేదాకా ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడకూడదు. టీ అంటే జలుబు చేసినప్పుడు మిరియాలు వేసి ఇచ్చే మందు, అంతే. ఆవిడ చిన్నతనంలో టీ కంపెనీవాళ్ళు వీధిలో బల్ల వేసి అందరికీ ఊరికే టీ పోసేవారట. "ఊరికే పోసినదాన్ని మర్యాదస్తులు తాగుతారటే!" అనేవారు.

అది ఆవిడ అతిశయమనుకునేదాన్ని. కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. తెల్లదొరలు అస్సాంలో తోటలు వేసింది లండన్ కోసం. అస్సాం టీ మొదటి వేలం 1839లో అక్కడే జరిగింది. ఆ తర్వాత చాలాకాలం మన జనానికి టీ అక్కర్లేదు. 1903లో ఎగుమతి అయ్యే టీ మీద సెస్సు వేస్తూ చట్టం తెచ్చి, ఆ డబ్బుతో టీకి ప్రచారం చేశారు. రైల్వే స్టేషన్లలో బోర్డులు పెట్టారు, ఇళ్ళకి మనుషుల్ని పంపి టీ ఎలా కాయాలో చూపించారు. అంటే దేశానికి దేశమే ఊరికే ఇచ్చిన కప్పుకి పడిపోయింది. మీ ఆయన ఊరికే ఇచ్చిన పొట్లానికి పడ్డారు. పెద్ద తేడా ఏముంది?

మా పక్క వాటాలో ఒక బెంగాలీ కుటుంబం ఉండేది. ఆవిడని క్వార్టర్స్‌లో అందరం బౌది అనేవాళ్ళం. అంటే వాళ్ళలో వదినగారు. ఏటా దుర్గాపూజకి కలకత్తా వెళ్ళి, కోరమాండల్‌లో తిరిగొస్తూ ఒక పెద్ద పొట్లం టీ ఆకు తెచ్చుకునేది. 1986లో అనుకుంటా, అందులోంచి ఒక గుప్పెడు కాగితంలో మడిచి నాకిచ్చింది. నేనేం చేశానంటే, నాకు తెలిసిందే చేశాను. సగం పాలు, సగం నీళ్ళు, దంచిన అల్లం, రెండు చెంచాల ఆకు, మూడు పొంగులు వచ్చేదాకా మరిగించి పంచదార వేశాను. రంగు రాలేదు, చిక్కదనం లేదు. గడ్డి నానబెట్టిన పాలలా ఉంది. తీసుకెళ్ళి కరివేపాకు మొక్కకి పోశాను. పోసింది చాలక, మర్నాడు నీళ్ళ పంపు దగ్గర "బౌదీ, మీ టీలో పస లేదండీ" అని చెప్పాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆవిడ నవ్వి, ఆ సాయంత్రం తెల్ల పింగాణీ కెటిల్ ఒకటి పట్టుకుని మా వంటింట్లోకి వచ్చింది. నీళ్ళు మాత్రం మరిగించింది. స్టవ్ కట్టేశాక ఆకు మీద పోసి మూతపెట్టి గోడ గడియారం వైపు చూస్తూ నిలబడింది. మూడు నిమిషాలు. మా అత్తగారు గుమ్మంలోంచి "పాలు పొయ్యదేమిటే ఆవిడ" అని సైగలు. తెల్ల కప్పులో పోస్తే లేత తేనె రంగు. మూతి దగ్గరికి తెచ్చుకునేసరికి ఎండుద్రాక్ష డబ్బా మూత తీసినట్టు వాసన. నాలుక మీద చిన్న వగరు, అది పోయాక ఒక తీపి. పంచదార వేసిందేమోనని కప్పు అడుగు చూశాను.

అది డార్జిలింగ్‌లో మే, జూన్ నెలల్లో కోసిన ఆకట. ఆ రోజుల్లో పచ్చటి చిన్న పురుగులు ఆకు రసం పీలుస్తాయి. వాటి బారి నుంచి కాచుకోవడానికి మొక్క తయారుచేసుకునే పదార్థాల వల్లే ఆ ద్రాక్ష వాసన వస్తుంది. పురుగు పడితే ధర పెరిగే పంట నేను ఇంకొకటి వినలేదు. మన భీమిలి వైపు వంకాయ రైతుకి చెప్తే ఏడుస్తాడు.

ఆ గుక్కతో నాకు జరిగిందీ, మీ ఆయనకి జరిగిందీ ఒకటే. టీ అంటే ఏమిటో నాకు తెలుసు అన్న నమ్మకం పోయింది. ఊహ తెలిసినప్పట్నుంచీ చూస్తున్న వస్తువు అది. అదే మనకి తెలియదని తేలితే మనసు నిలవదు. ఇంకా ఏమేం తెలియవో అని వెతుకుతుంది. గ్రీన్ టీ, ఊలాంగ్, మామూలు టీ అన్నీ ఒకే జాతి మొక్క ఆకులని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదంటే నమ్ము. కోసిన వెంటనే వేడి తగిలించి ఆపేస్తే పచ్చగా ఉండిపోతుంది. నలిపి గాలికి వదిలేస్తే, తరిగిన వంకాయ ముక్క నల్లబడినట్టు నల్లబడుతుంది. సగంలో ఆపితే ఊలాంగ్. ఇంట్లో చెప్తే మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా "అయితే?" అన్నారు. ఆ "అయితే?" అనగలిగినవాళ్ళకి ఈ జబ్బు రాదు.

పాలు ఎందుకు పోయకూడదో కూడా చెప్తాను. మీ అమ్మగారికి చెప్పడానికి పనికొస్తుంది. మనం రోజూ వాడే గుండ్రటి గింజల పొడి సీటీసీ. ఆకుని నలగ్గొట్టి, చింపి, చుట్టేసే యంత్రం 1930లలో అస్సాంలో పుట్టింది. అలా నలిగిన ఆకులోంచి రంగు, వగరు ఒక్కసారిగా దిగుతాయి. ఆ వగరుని పాలలో ఉండే ప్రోటీన్ పట్టుకుంటుంది, అందుకే పాల టీ గొంతులో మెత్తగా దిగుతుంది. డార్జిలింగ్ ఆకు అలా నలగదు, నిలువు ఆకునే చుడతారు. దానికి ఉన్నదల్లా వాసన. పాలు పోస్తే అది కిందికి పోతుంది, మరిగిస్తే ఎగిరిపోతుంది. ములక్కాడనీ తోటకూరనీ ఒకే గిన్నెలో ఒకేసేపు ఉడికించి, తోటకూరలో పస లేదన్నట్టుంది నేను ఆరోజు చేసిన పని.

కాటా గురించి నవ్వకు. చెంచాడు సీటీసీ పొడి బరువు వేరు, చెంచాడు పొడవాటి ఆకు బరువు వేరు. రెండు మూడింతల తేడా వస్తుంది. చెంచా లెక్క నమ్మితే ఒకరోజు కషాయం, ఒకరోజు వేణ్ణీళ్ళు. కప్పుకి రెండు, రెండున్నర గ్రాములు సరిపోతాయి. థర్మామీటర్ మాత్రం కొంచెం ఎక్కువే. డార్జిలింగ్ దాదాపు 2,000 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అక్కడ నీళ్ళు 93 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మనది సముద్రం ఒడ్డు, ఇక్కడ నిండు వంద. స్టవ్ కట్టేసి ఒక నిమిషం ఆగితే చాలు. గ్రీన్ టీకైతే 80 కంటే కిందికి రావాలి. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి రెండు మూడుసార్లు ఒంపితే వస్తుంది. మనం పిల్లలకి పాలు చల్లార్చే విద్యే, దానికి థర్మామీటర్ ఎందుకు?

ఇక డబ్బు. 50 గ్రాములు 20 సార్లు వస్తుంది. అంటే ఒకసారికి 70 రూపాయలు. అదే ఆకు మీద రెండోసారి నీళ్ళు పోసుకోవచ్చు కాబట్టి కప్పు 35. మీ ఇద్దరూ మాల్‌కి వెళ్ళినప్పుడు కాఫీకి ఎంత ఇస్తున్నారో గుర్తు తెచ్చుకుని అప్పుడు పోట్లాడు. నెలకి ఇంత అని ఒక అంకె ఇద్దరూ అనుకోండి. అంకె లేకపోతే మాత్రం ఈ పిచ్చికి అడుగుండదు. చైనాలో యునాన్ నుంచి పు-అర్ అని ఒకటి వస్తుంది, పిడకలా అదిమి ఏళ్ళ తరబడి మాగబెడతారు. దాని సంగతి మీ ఆయనకి నేను చెప్పానని చెప్పకు.

రాబోయేవి కూడా చెప్తాను, టెన్షన్ పడకుండా ఉంటావు. నోటుబుక్కు ఇంకా మొదలుపెట్టలేదంటే మీ ఆయన ఒకటో తరగతిలోనే ఉన్నారు. తర్వాత నీళ్ళ మీద పడతారు. బోరు నీళ్ళతో కాస్తే కప్పు మీద నూనెలా తెట్టు కడుతుంది, రంగు మసకబారుతుంది. సీటీసీ, పాలు ఆ లోపాన్ని కప్పేస్తాయి గానీ వట్టి టీలో దొరికిపోతుంది. అలాగని ఖనిజాలన్నీ తీసేసిన ఆర్వో నీళ్ళతో చేస్తే చప్పగా ఉంటుంది. నేను ఒకప్పుడు గాజువాకలో చెల్లెలి ఇంటి నుంచి, పెదవాల్తేరులో ఆడపడుచు ఇంటి నుంచి సీసాలతో నీళ్ళు మోసుకొచ్చాను. బస్సులో కండక్టర్ గంగాజలమా అని అడిగాడు.

నేను చేసిన పెద్ద తప్పు మాత్రం డబ్బాది. మా ఆయనకి ఇష్టమని పూడిమడక నుంచి ఎండు నెత్తళ్ళు తెప్పించి, టీ డబ్బా ఉన్న గూట్లోనే పెట్టాను. డబ్బా మూత వదులు. విశాఖ గాలిలో తేమ సంగతి తెలిసిందే, ఉప్పు సీసాలో నీళ్ళూరే ఊరు. వారం తర్వాత బౌదిని పిలిచి ఆవిడ టీ ఆవిడకే కాచి ఇచ్చాను. ఒక గుక్క తాగి, కప్పు కింద పెట్టి, "చేపంటే మాకు ప్రాణమే, కానీ టీలో వద్దు" అంది.

ఇక నీ ఉత్తరంలో కాటా కంటే, బిల్లు కంటే నాకు గుచ్చుకున్నది ఆ ఆరింటి టీ. ఇప్పుడు ఆయన గడియారం పెట్టుకుని ఒక్కరే తాగుతున్నారు కదూ? అది ఆయన తప్పు, మొహమాటపడకుండా అడుగు. ఆరింటి టీ ఆరింటిదే, అల్లం దంచి ఆయనే కాయాలి. కాటా ఆట ఏడింటికి. మంచి ఆకు రుచి తెలిసినవాడు పాల టీని తక్కువ చేయనక్కర్లేదు. నేను ఇప్పటికీ వాన పడితే అల్లం టీయే తాగుతాను. ఏడింటికి కాసినదాంట్లో మొదటి నీళ్ళు ఆయన్ని తాగమను. రెండోసారి పోసింది నువ్వు తాగి చూడు. వగరు తగ్గి తీపి తేలుతుంది, కొత్తవాళ్ళకి అదే నచ్చుతుంది. నచ్చకపోతే నీ కప్పు నీది. మా ఆయన పోయేదాకా కాఫీయే తాగారు. షిప్‌యార్డ్ సైరన్ మోగి ఆయన ఇంటికొచ్చాక వరండాలో ఆయన గ్లాసు ఆయనది, నా కప్పు నాది. "ఏమిటే ఆ గోధుమ గడ్డి నీళ్ళు" అనేవారు. రోజూ అనేవారు.

ప్రశ్న: మేడమ్, నేను మద్దిలపాలెంలో హాస్టల్‌లో ఉండి పోటీ పరీక్షలకి చదువుతున్నాను. రోజుకి ఎనిమిది టీలు తాగుతాను. ఫ్రెండ్స్ నన్ను టీ ఎక్స్‌పర్ట్ అంటున్నారు. నిజమేనా?
— ఒక విద్యార్థి

జవాబు: ఎనిమిది తాగేవాడికి టీ మీద ప్రేమ ఉందని చెప్పలేను నాయనా, నిద్ర మీద కోపం ఉందని మాత్రం చెప్పగలను. ఒక పని చెయ్యి. ఎనిమిదింటిలో ఏది బాగుంది, ఏది బాలేదు, ఎందుకు, రాత్రి పడుకునే ముందు చెప్పగలవా? చెప్పగలిగితే నీ ఫ్రెండ్స్ మాట ఒప్పుకుంటాను.

బడ్డీ టీలో నేర్చుకోవడానికి చాలా ఉంది. పోర్టు వైపు నేను ఆగే బడ్డీలో టీ మాస్టారు వాడేది డస్ట్. డస్ట్ అంటే ఊడ్చిన చెత్త అనుకుంటారు, కాదు. అది ఆకు సైజు పేరు. సన్నగా ఉంటుంది కాబట్టి గుడ్డ సంచిలోంచి త్వరగా, చిక్కగా దిగుతుంది, మన దక్షిణాదిలో అందుకే దానికి గిరాకీ. గంట దాటిన డికాషన్‌కి నోట్లో ఒక మొద్దు చేదు వస్తుంది. పాలు రెండోసారి మూడోసారి కాగితే మీగడ కాలిన వాసన. ఒకరోజు నేను గ్లాసు పట్టుకుని మొహం చిట్లించేలోపే ఆయన "పాతదైపోనాదమ్మా, ఉండండి, కొత్తది ఏత్తాను" అన్నాడు. నా కళ్ళలో ఎక్స్‌పర్ట్ అంటే ఆ మనిషి.

నువ్వు నాలుగుకి దిగు. భోజనం చేసిన వెంటనే తాగకు. అన్నం, పప్పు, ఆకుకూరల్లోని ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు, ఒక గంట ఆగు. తాగిన కెఫీన్‌లో సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. రాత్రి పదింటి టీ మర్నాడు పొద్దున్న నీ మాక్ టెస్ట్‌లో కనిపిస్తుంది.

ప్రశ్న: అరకులో టీ తోటలు ఉన్నాయా? నాణ్యమైన టీ తక్కువలో మొదలుపెట్టడం ఎలా? విడిగా కొన్న టీ పొడిలో రంగు కలిపారని అనుమానం, ఇంట్లో చూసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, గోపాలపట్నం

జవాబు: అరకు పేరు కాఫీది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా అత్తగారు ఉంటే ఈ వాక్యాన్ని ఫ్రేము కట్టించేవారు.

టీ కోసం నీలగిరి ఆకుతో మొదలుపెట్టండి, నిలువు ఆకు అని అడిగి 100 గ్రాములు తెప్పించుకోండి. డార్జిలింగ్ కంటే చాలా చవక, మూడు నిమిషాలకి బదులు నాలుగు ఉంచినా మరీ చేదెక్కదు. డిసెంబరు, జనవరి చలిలో కోసినది దొరికితే ఇంకా మంచిది. కాటా, థర్మామీటర్ ఏవీ వద్దు. ఒక తెల్ల కప్పు, ఒక మూత, ఒక గడియారం చాలు.

రంగు సంగతికి: వడపోత కాగితం మీద పొడి కొంచెం చల్లి, నీళ్ళు చిలకరించి, కాసేపాగి పొడి తీసేసి, కాగితాన్ని కుళాయి కింద కడగండి. వెలుతురులో పెట్టి చూస్తే, రంగు కలిపిన పొడి అయితే మరకలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. మంచి పొడి అంత మరక వెయ్యదు. చల్లటి నీళ్ళ గ్లాసులో చిటికెడు వేసి కూడా చూడొచ్చు, పడగానే ఎర్రటి చారలు దిగిపోతే అనుమానించాలి. ఇనుప రజను కలిసిందేమో చూడటానికి పొడిని కాగితం మీద పలచగా పరిచి అయస్కాంతం తిప్పండి. ఫ్రిజ్ మీద అతికించుకునే బొమ్మ వెనకాల ఉండేది చాలదు, కాస్త బలమైనది తెచ్చుకోండి.